వృద్ధాప్యంలో తిరగబెట్టే మూత్రనాళ ఇన్ఫెక్షన్

మూత్రంలో ఇన్ఫెక్షన్ 6 నెలల్లో 2 సార్లు గాని, ఏడాదిలో 3 సార్లు గాని వస్తే దానిని వైద్యులు తిరగబెట్టే ఇన్ఫెక్షన్‌గా పరిగణిస్తారు. ఇది వృద్ధులను వేధించే బాధ. దీనికి ఎక్కువగా కారణమయ్యేది పేగుల్లో సహజంగా నివసించే ఈ-కొలై అనే బ్యాక్టీరియా. ముట్లుడిగిన స్త్రీలలో ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గి యోనిలోని రక్షక సూక్ష్మజీవులు క్షీణించడం, పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవడం దీనికి దారితీస్తాయి. రాత్రిపూట లేవలేమన్న భయంతో పెద్దవారు మంచినీళ్లు తగ్గించుకోవడం కూడా చేటే; గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం నీటి పరిమాణాన్ని వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.

అన్నిటికన్నా ఆందోళనకరమైనది యాంటీబయాటిక్ మందుల విచ్చలవిడి వాడకం. మంట, జ్వరం వంటి లక్షణాలేవీ లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా కనిపించడం వృద్ధాప్యంలో సాధారణం కనుక, కేవలం పరీక్ష కాగితాన్నో మూత్రపు వాసననో చూసి మందు వాడితే మేలు కలగకపోగా, ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా బలపడుతుంది. పాత చీటీతో మందుల షాపులో అవే మాత్రలు కొనడం మానుకుని, ఏ బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో తేల్చే కల్చర్ పరీక్షకు ముందుగా మూత్రం ఇవ్వాలి. ముట్లుడిగిన స్త్రీలకు యోనిలో రాసే ఈస్ట్రోజన్ క్రీము ఇన్ఫెక్షన్ తిరగబెట్టడాన్ని తగ్గిస్తుందని తెలిసినా, బిడియం వల్ల ఆ ప్రస్తావనే ఇళ్లలో రాదు. హఠాత్తుగా అయోమయం కలిగినా, చలితో జ్వరమో నడుము పక్కన నొప్పో వచ్చినా, ఇంట్లోవారు ఆలస్యం చేయక పెద్దవారిని ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.