కుండ దగ్గర నుంచి కొండ దాకా

వేసవి వచ్చిందంటే మనిళ్ళల్లో రెండే మాటలు వినబడతాయి. ఒకటి ఆవకాయ, రెండు యాత్ర. జాడీకి వాసెన గుడ్డ కట్టేసి, పిల్లల పరీక్షలు అయ్యాయనిపించుకుని, "ఈసారైనా కేదారం, బదరి చూసొద్దామా?" అని మీవారిని అడుగుతున్న అక్కయ్యలందరికీ ఈవారం శీర్షిక. యాత్ర ఎలా చెయ్యాలో చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను చెప్పబోయేది ఆ దారిలో మనవాళ్ళు బస్సు కిటికీలోంచి చూసి వదిలేసే ఒక చోటు గురించి. దాని పేరు చోప్తా.

కేదార్‌నాథ్ చూసుకుని బదరీనాథ్ వెళ్ళే బస్సులు కొన్ని ఊఖీమఠ్ నుంచి గోపేశ్వర్ మీదుగా అడ్డదారిన పోతాయి. ఊఖీమఠ్ దాటి ముప్ఫై కిలోమీటర్లు పైకి వచ్చేసరికి చెట్ల మధ్య నాలుగు టీ కొట్లు, బారులు తీరిన కంచరగాడిదలు కనబడతాయి. అదే చోప్తా. ఎత్తు సుమారు 2,700 మీటర్లు. డ్రైవరు టీ తాగేలోపల మనవాళ్ళు దిగి, శాలువా కప్పుకుని ఒక ఫోటో దిగి, మళ్ళీ ఎక్కేస్తారు. అయ్యో అనిపిస్తుంది నాకు. అక్కడినుంచి రాళ్ళు పరిచిన బాటమ్మట నాలుగు కిలోమీటర్లలోపు నడిస్తే తుంగనాథుడి గుడి. పంచ కేదారాల్లో ఒకటి, శివుడి బాహువులు వెలసిన చోటు. 3,680 మీటర్ల ఎత్తున ఉంది. పొద్దున బయలుదేరి సాయంత్రానికి కిందికి వచ్చేయొచ్చు. గుడి సరే, గుడికి వెళ్ళే దారిలో ఉన్న పచ్చిక మైదానాలని చూడాలి సుమండీ!

వాటిని అక్కడివాళ్ళు బుగ్యాల్ అంటారు. కొండ ఎక్కుతుంటే మొదట ఓక్ చెట్లు, ఎర్రగా పూసే బురాన్ష్ చెట్లు ఉంటాయి. ఇంకాస్త పైకి వెళ్ళేసరికి చెట్లు పొట్టివవుతాయి, తరవాత అసలు కనబడవు. ఆ ఎత్తున ఏడాదిలో సగం రోజులు మంచే. చెట్టు ఎదగడానికి కావలసినంత వేసవి అక్కడ లేదు. గడ్డికి మాత్రం ఆ నాలుగైదు నెలలే చాలు. మన ఊళ్ళో నారు పోసిన ఆకుమడి ఎలా ఉంటుందో తెలుసుగా? ఆ లేత పచ్చటి ఆకుమడిని ఎవరో ఎత్తి కొండ భుజం మీద పరిచినట్టు ఉంటుంది. మధ్యలో పసుపు, ఊదా రంగుల చిట్టి పూలు. ఎదురుగా మబ్బు లేకపోతే చౌఖంబా శిఖరం, 7,138 మీటర్లు, నిలువునా తెల్లగా. మన కోనసీమలో పుట్టినవాళ్ళకి కొండ అంటే పాపికొండలే. అవీ లాంచీలో కూర్చుని తలెత్తి చూడడమే. ఇక్కడ కొండ మనకి ఎదురుగా మన ఎత్తున నిలబడి ఉంటుంది.

"బాగానే ఉందమ్మా, ఈ మోకాళ్ళతో ఎక్కగలమా?" అంటారు. అడగవలసిన ప్రశ్నే. ముఖ్యంగా మన ఆత్రేయపురం ఆడవాళ్ళు అడగవలసిన ప్రశ్న. బోర్లించిన కుండ ముందు, కొబ్బరాకు మంట సెగలో, పల్చటి గుడ్డని పిండిలో ముంచి రేకు మీద రేకు తీస్తూ గంటలకొద్దీ కదలకుండా కూర్చునే మోకాళ్ళు మనవి. పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, చాలా సంతోషం. ఆ రేకు తీసిన మోకాళ్ళకి గుర్తింపు ఎవరిస్తారు? మనమే ఇవ్వాలి. ఎలాగంటే, ప్రయాణానికి కనీసం ఆరు వారాల ముందునుంచీ వాటిని నడకకి అలవాటు చెయ్యాలి.

మనకి ఊళ్ళో కొండల్లేవు, నిజమే. ఏటిగట్టు ఉంది కదా. రోజూ పొద్దున్నే ముప్పావుగంట గట్టు మీద చకచకా నడవండి. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకునే అలవాటు మనకి ఎలాగూ ఉంది. ఈసారి ఆ ఏడు వారాలూ ఆటో ఎక్కకుండా నడిచి వెళ్ళండి, స్వామి కార్యం స్వకార్యం రెండూ అవుతాయి. వీలైతే ఒకటి రెండు ఆదివారాలు కోరుకొండ నరసింహస్వామి మెట్లు ఎక్కి దిగండి. ఎక్కడం కన్నా దిగడం ముఖ్యం. తుంగనాథ్ దారిలో నాలుగు కిలోమీటర్లకి దాదాపు వెయ్యి మీటర్లు ఎక్కుతాం. ఎక్కేటప్పుడు ఊపిరి కష్టపడుతుంది, దిగేటప్పుడు మోకాలు కష్టపడుతుంది. చేతికర్ర ఒకటి తప్పనిసరి. సిగ్గుపడకండి, అక్కడ ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు కూడా కర్ర పట్టుకునే నడుస్తారు.

కంచరగాడిద ఎక్కితే పుణ్యం తగ్గుతుందా అని ఒక పిన్నిగారు నన్ను అడిగారు. తగ్గుతుందో లేదో నాకు తెలియదు గానీ, పచ్చిక మీద ఆగి కూర్చునే సుఖం మాత్రం తగ్గుతుంది. నడవలేనివాళ్ళు పైకి ఎక్కి వెళ్ళండి, తప్పులేదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. వంటింట్లో నాలుగు గిన్నెలు పక్కన పెట్టి వినండి. గుడి దగ్గర పీల్చే గాలిలో ప్రాణవాయువు మన ఊళ్ళో దొరికేదాంట్లో మూడింట రెండు వంతులే. ఆ కాస్త ప్రాణవాయువునీ ఒంటికి మోసుకెళ్ళేది రక్తంలోని హెమోగ్లోబిన్. మరి 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉంది. ఇంట్లో అందరికీ వడ్డించి, అడుగున మిగిలింది తినే మన అలవాటు కొండ మీద వెంటనే బయటపడిపోతుంది. కింద "కాస్త నీరసం" అనుకున్నది పైన ఆయాసం అవుతుంది. కాబట్టి టిక్కెట్లు కొనేముందే రక్తపరీక్ష చేయించుకోండి. తక్కువుంటే డాక్టరుగారు ఐరన్ మాత్రలు ఇస్తారు, కానీ అవి రెండు రోజుల్లో పనిచేసేవి కావు, కొన్ని నెలలు పడుతుంది. సంక్రాంతికే చూపించుకుంటే మే నెలకి సిద్ధంగా ఉంటారు. గుండె జబ్బు, బి.పి., ఉబ్బసం, షుగరు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరుని అడక్కుండా బయలుదేరవద్దు.

రాజమండ్రిలో రైలెక్కి ఢిల్లీ, అక్కడినుంచి రుషీకేశ్ వెళ్ళాక ఒక్క పరుగున పైకి పోకండి. రుషీకేశ్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆంధ్రా ఆశ్రమం ఉంది, తెలుగు వినబడుతుంది. ఒక రాత్రి అక్కడ, ఒక రాత్రి ఊఖీమఠ్‌లో, ఒక రాత్రి చోప్తాలో పడుకుంటే ఒళ్ళు ఆ గాలికి మెల్లగా సర్దుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండడం, తూలు రావడం మొదలైతే అది అజీర్తి కాదు, ఎత్తు పడకపోవడం. అక్కడే ఆగాలి. తగ్గకపోతే కిందికి దిగాలి. దానికి దిగడాన్ని మించిన మందు లేదు.

మా వీధి నుంచి వెళ్ళిన ఎనిమిదిమందిలో ఒక వదినగారికి సగం దారిలో తల పగిలిపోయే నొప్పి వచ్చింది. ఆవిడ ఒక్క క్షణం గుడి వైపు చూసి, దణ్ణం పెట్టుకుని, తోడుగా ఒకరిని తీసుకుని దిగిపోయారు. చోప్తా చేరేసరికి నొప్పి సగం తగ్గింది. ఊరొచ్చాక "అంత దూరం వెళ్ళి గుడి చూడకుండా వచ్చావా?" అని అన్నవాళ్ళు లేకపోలేదు. నన్నడిగితే ఆ రోజు మా అందరిలోకీ తెలివైన పని చేసింది ఆవిడే.

కుక్కరు సంగతి కూడా చెప్పాలి. కొంతమంది స్టవ్, బియ్యం, కందిపప్పు మోసుకెళ్తారు. ఎత్తుకి వెళ్ళేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి. ఇక్కడ వంద డిగ్రీల దగ్గర మరిగే నీళ్ళు చోప్తాలో సుమారు 91 దగ్గరే తెర్లుతాయి. ఎంతసేపు మరిగినా అంతకుమించి వేడెక్కవు. అందుకే మామూలు గిన్నెలో పప్పు పెడితే గంటలు గడిచినా బద్దలు బద్దలుగానే ఉంటుంది. కుక్కరైతేనే ఉడుకుతుంది. పైన టీ మనకి నచ్చేంత చిక్కగా దిగకపోవడానికీ ఇదే కారణం, కొట్టువాణ్ణి తిట్టకండి.

అసలు ఈ ఒక్కరోజు నడకకి వంటే వద్దు. దారిలో కొట్లలో టీ, పరోటా, నూడుల్స్ దొరుకుతాయి. మన చేతిసంచీలో సున్నుండలు, వేయించిన అటుకులు, ఎండుఖర్జూరం, నాలుగు పూతరేకులు ఉంటే చాలు. ఎత్తు మీద ఆకలి మందగిస్తుంది, నూనె వస్తువులు సయించవు, తీపి మాత్రం సులువుగా దిగుతుంది. పూతరేకు అంత తేలికైన తిండి ఇంకోటి లేదు కూడానూ. ఒక్క జాగ్రత్త. నెయ్యి దండిగా వేసిన రేకులు తీసుకెళ్ళవద్దు. అక్కడి చలికి నెయ్యి గడ్డకట్టి అంగిలికి అతుక్కుంటుంది. నెయ్యి తగ్గించి పంచదార, జీడిపప్పు పొడి వేసి చుట్టించుకోండి. స్టీలు డబ్బాలో కదలకుండా సర్ది, మూత బిగించండి. మంచు తెర ఒకటి వచ్చి తగిలిందంటే రేకు మెత్తబడిపోతుంది.

బట్టల విషయం. మనకి మే నెలలో వడగాడ్పులు వీస్తుంటే పైన ఇరవై డిగ్రీలకి పైగా తక్కువ ఉంటుంది. ఒక లావుపాటి కోటు కన్నా రెండు మూడు పల్చటి ఉన్ని బట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం మేలు, ఎక్కుతుంటే చెమట పడుతుంది, ఒక్కొక్కటే తీసేయొచ్చు. వానకోటు మరవద్దు. చీరకట్టులో నడిచి వచ్చిన పెద్దవాళ్ళని చూశాను గానీ, కుచ్చిళ్ళు తడిస్తే కాలికి అడ్డం పడతాయి. సల్వార్ కమీజ్ సుఖం. అత్తగారు ఏమంటారో అనుకునేవాళ్ళు అత్తగారికి కూడా ఒకటి కుట్టించండి! పట్టు ఉన్న బూట్లు కొని, ఊళ్ళోనే నెలరోజులు తొడిగి మెత్తబరచండి.

ఎవరూ రాయని సంగతి ఇంకోటి. దారిలో మరుగుదొడ్లు దొరకవని భయపడి మన ఆడవాళ్ళు పొద్దుటినుంచీ నీళ్ళు తాగడం మానేస్తారు. అది చాలా ప్రమాదం. పొడి గాలి, ఎక్కే శ్రమ కలిసి ఒంట్లో నీరు ఆవిరైపోతుంది, తలనొప్పి రెట్టింపవుతుంది. చోప్తాలో బస దగ్గరే పని ముగించుకుని బయలుదేరండి, ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్ళు గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండండి. నెలసరి వచ్చే రోజులైతే కావలసినవి, వాడినవి చుట్టి తెచ్చుకోవడానికి ఒక గట్టి సంచీ వెంట ఉంచుకోండి.

తెల్లవారుఝామున అయిదింటికల్లా బయలుదేరాలి. పొద్దున శిఖరాలు స్పష్టంగా ఉంటాయి, పదీ పదకొండు దాటితే మబ్బు కమ్మేస్తుంది. మొదట అడవి, పక్షుల అరుపులు. అదృష్టముంటే నెమలి రంగులద్దినట్టుండే మోనాల్ పక్షి కనబడుతుంది. అడవి దాటి పచ్చిక మొదలయ్యాక తొందరపడకండి. రాతి అరుగు మీద పావుగంట కూర్చోండి. పొయ్యి లేదు, పాలవాడు లేడు, "అమ్మా, నా సాక్స్ ఏవీ?" అనే కేక లేదు. గుడి దాటి మరో కిలోమీటరున్నర నిటారుగా ఎక్కితే చంద్రశిల, సుమారు 4,000 మీటర్లు. అక్కడినుంచి నందాదేవి, త్రిశూల్ కూడా కనబడతాయి. ఓపిక మిగిలినవాళ్ళే వెళ్ళండి. ఆ కొండ వరసకి ఒక పక్క నీళ్ళు మందాకినిలోకి, ఇంకో పక్కవి అలకనందలోకి పోయి, రెండూ రుద్రప్రయాగలో కలుస్తాయి. ధవళేశ్వరం దిగువన పాయలుగా విడిపోయే గోదావరిని చూస్తూ పెరిగిన మనకి, నదులు ఇలా ఒకటవడం చూస్తే అదోలా ఉంటుంది.

పచ్చిక మీదికి దిగి దొర్లాలని, ఫోటోలకి పరుగెత్తాలని పిల్లలకి ఉంటుంది. బాట మీదే నడవనివ్వండి. ఏడాదిలో నాలుగు నెలలు మాత్రమే పెరిగే గడ్డి, ఒకసారి పెళ్ళ ఊడితే మళ్ళీ అతుక్కోవడానికి ఏళ్ళు పడుతుంది, ఈలోగా వానకి మట్టి కొట్టుకుపోతుంది. ఈ కారణంగానే 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్ళ మీద గుడారాలు వేసి రాత్రి బస చెయ్యడాన్ని నిషేధించింది. మన ఆకుమడిలోకి ఎవరైనా చెప్పులతో దిగితే ఊరుకుంటామా? చాక్లెట్ కాగితం, నీళ్ళసీసా కూడా సంచీలో వేసుకుని కిందికి తెచ్చేయండి.

ఎప్పుడు వెళ్ళాలంటారా? గుడి ఏటా వైశాఖంలో తెరుస్తారు, చలికాలానికి మూసి స్వామిని కింద మక్కూమఠ్‌కి తీసుకెళ్తారు. పూలు నిండుగా ఉండేది జూలై, ఆగస్టుల్లో, నిజమే. కానీ అది వానాకాలం, కొండచరియలు విరిగిపడే కాలం. 2013 జూన్ 16, 17 తేదీల్లో కేదారంలో వచ్చిన వరద, అప్పుడు చిక్కుకుపోయిన మన తెలుగువాళ్ళ కోసం ఇళ్ళల్లో పడ్డ ఆరాటం మీకు గుర్తుండే ఉంటుంది. నాలుగు పూలు తక్కువైనా మే నెలలోనో, జూన్ మొదటి వారంలోనో వెళ్ళి వచ్చేయమనే నా సలహా.

తిరిగి వచ్చేటప్పుడు కొట్లలో ఎర్రటి బురాన్ష్ పూల షర్బత్ సీసాలు కనబడతాయి. ఒకటి కొనుక్కోండి. ఒక వంతు షర్బత్‌కి నాలుగు వంతుల చల్లటి నీళ్ళు, చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం. రైల్లో సీసా కారకుండా మూత మీద ప్లాస్టిక్ కాగితం చుట్టి రబ్బరుబ్యాండు వేయండి, లేకపోతే మడత పెట్టిన చీరలన్నీ గులాబీ రంగుకి తిరుగుతాయి.