మాఫీ మాట నమ్మి కిస్తీ ఆపకండి

అమెరికా ఫెడరల్ ప్రభుత్వం దగ్గర చదువుకోసం అప్పు చేసినవాళ్ళకీ, పిల్లల కోసం పేరెంట్ ప్లస్ రుణం మీద సంతకం పెట్టిన తల్లిదండ్రులకీ ఈ హెచ్చరిక. ఏదో ఒకరోజు ఎవరో ఒక అధ్యక్షుడు వచ్చి ఈ బాకీ కొట్టేస్తాడన్న ఆశతో ఇంటి లెక్కలు వేసుకోవద్దు. చట్టంలో ఆ ఆశకు ఎంత పలచని ఆధారం ఉందో కొన్నేళ్ళలోనే రెండుసార్లు తేలిపోయింది. రెండుసార్లూ నష్టపోయింది మాట ఇచ్చినవాళ్ళు కాదు, ఆ మాట నమ్మి కూర్చున్నవాళ్ళు.

2022 ఆగస్టు 24న అధ్యక్షుడు బైడెన్ ఒక్కొక్కరికి 10,000 డాలర్ల వరకు, పెల్ గ్రాంట్ పొందిన పేద విద్యార్థులకైతే 20,000 డాలర్ల వరకు మాఫీ ప్రకటించారు. ఏడాదికి 1,25,000 డాలర్ల లోపు సంపాదించేవాళ్ళంతా అర్హులే. దాదాపు 2.6 కోట్ల మంది ముందుకొచ్చారు, 1.6 కోట్ల మందికి ఆమోదం కూడా తెలిపారు. ఒక్క డాలరు రద్దు కాకముందే, 2023 జూన్ 30న, సుప్రీంకోర్టు 6–3 తీర్పుతో ఆ పథకాన్ని కొట్టేసింది.

కోర్టు ఏమన్నదో అర్థం చేసుకోవడం ముఖ్యం, ఎందుకంటే ఇకముందు వచ్చే ఏ వాగ్దానానికైనా అదే గీటురాయి. బైడెన్ ప్రభుత్వం 2003 నాటి హీరోస్ చట్టాన్ని పట్టుకుంది. యుద్ధానికి వెళ్ళిన సైనికులు, జాతీయ అత్యవసర పరిస్థితిలో చిక్కుకున్నవాళ్ళు చదువు అప్పుల వల్ల ఇబ్బంది పడకుండా నిబంధనలు సడలించే అధికారం ఆ చట్టం విద్యాశాఖ మంత్రికి ఇచ్చింది. కోవిడ్ కూడా అత్యవసర పరిస్థితే కదా అన్నది వాదన. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఒప్పుకోలేదు. ప్రభుత్వం మీద 40,000 కోట్ల డాలర్ల భారం పడుతుందని అంచనా ఉన్న నిర్ణయం సడలింపు అనిపించుకోదనీ, అంత పెద్ద పనికి కాంగ్రెస్ స్పష్టంగా అనుమతి ఇచ్చి ఉండాలనీ రాశారు. అధ్యక్షుడికి ఆ అధికారం లేదని బైడెన్ పార్టీకే చెందిన నాటి స్పీకర్ నాన్సీ పెలోసీ 2021లో అన్న మాటల్ని తీర్పులోనే ఉటంకించారు. జస్టిస్ ఎలీనా కేగన్ గట్టిగా విభేదించారు. చట్టం మంత్రికి రద్దుచేసే అధికారాన్ని విశాలంగానే ఇచ్చిందనీ, దావా వేసిన మిస్సోరీ రాష్ట్రానికి సొంతంగా నష్టమేమీ లేదనీ అన్నారు. ఆమె వాదనలో బలం ఉందనే నా నమ్మకం. కానీ నెలాఖరున కిస్తీ కట్టాల్సినవాడికి అసమ్మతి తీర్పు అక్కరకు రాదు.

రెండో దెబ్బ ఇంకా మోసకరమైనది, ఎందుకంటే అది దెబ్బలా కనిపించలేదు. 2023లో తెచ్చిన సేవ్ ప్లాన్‌లో ఆదాయాన్ని బట్టి కిస్తీ తగ్గింది, చాలామందికి సున్నా కూడా అయింది. దాదాపు 80 లక్షల మంది చేరారు. రిపబ్లికన్ రాష్ట్రాలు కోర్టుకెక్కాయి, 2024 వేసవిలో ఎనిమిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు దాన్ని ఆపేసింది. చేరినవాళ్ళను ఫోర్బేరెన్స్‌లో పెట్టారు, అంటే తాత్కాలికంగా కట్టక్కర్లేదు. అయితే అలా గడిచిన నెలలు మాఫీకి కావాల్సిన కిస్తీల లెక్కలోకి రావు. పైగా 2025 ఆగస్టు 1 నుంచి వడ్డీ మళ్ళీ మొదలైంది. 6 శాతం వడ్డీకి 50,000 డాలర్ల అప్పు ఉందనుకోండి. రోజుకు ఎనిమిది డాలర్ల పైచిలుకు, నెలకు 250, ఏడాదికి 3,000. బిల్లు రాలేదు కదా అని ఊరుకున్న మనిషి తన అప్పు పెరుగుతోందని ఏడాది తర్వాత గానీ గమనించడు.

తెలుగు రాష్ట్రాల్లో 2014 నాటి రైతు రుణమాఫీ చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. మాఫీ వస్తుందని రైతులు బ్యాంకుకు కట్టడం మానేశారు. డబ్బు విడతలుగా వచ్చేలోపు వడ్డీ పేరుకుంది.

మాఫీ కావాలా వద్దా అన్న రాజకీయ చర్చలో రెండు వైపులా నిజమైన బాధ ఉంది. అసలుకు మించి వడ్డీ కట్టి, ఇంకా మొదట తీసుకున్నంత బాకీ మిగిలినవాళ్ళు అటువైపు. కాలేజీ ముఖం చూడకుండా ప్లంబింగ్ పని చేసుకుంటూ, డాక్టరో లాయరో అయ్యేవాడి అప్పు నా పన్నుతో ఎందుకు తీర్చాలి అని అడిగేవాళ్ళు ఇటువైపు. వడ్డీ కింద నలిగినవాళ్ళకు ఊరట ఇవ్వాల్సిందే, అదీ చట్టం ద్వారానే ఇవ్వాలి అంటాను నేను. చట్టంలో రాసి ఉన్నది కోర్టుల తాకిడికి నిలిచింది. ప్రభుత్వ, లాభాపేక్షలేని సంస్థల్లో పనిచేస్తూ 120 కిస్తీలు కట్టినవాళ్ళకు మిగతా బాకీ రద్దుచేసే పథకాన్ని 2007లో కాంగ్రెస్ చేసింది. మొదట్లో నూటికి 99 దరఖాస్తులు తిరస్కరించారు. తర్వాత నిబంధనలు సరిచేస్తే, 2024 చివరికి పది లక్షల మందికి పైగా ఊరట దొరికింది. ఏ యాజమాన్యానికి ఇది వర్తించదో చెప్పే కొత్త నిబంధనలు 2025 అక్టోబరులో వచ్చాయి. లాభాపేక్షలేని ఆసుపత్రుల్లో రెసిడెన్సీ చేస్తున్న మన పిల్లలు తమ యాజమాన్యం అర్హతను ఏటా ధ్రువీకరించుకోవాలి.

ఇక కాంగ్రెస్ ఇప్పుడు నడుస్తున్న దారి మాఫీవైపు కాదు. 2025 జూలై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన చట్టం, సేవ్‌తో పాటు ఆదాయాన్ని బట్టి కట్టే పే, ఐసీఆర్ ప్లాన్లకు 2028 జూలై 1ని చివరి గడువు చేసింది. 2026 జూలై 1 నుంచి కొత్తగా చేరేవాళ్ళకు, పీజీ చదువులకిచ్చే గ్రాడ్ ప్లస్ అప్పు లేదు. పేరెంట్ ప్లస్ ఒక్కో బిడ్డకు మొత్తం 65,000 డాలర్లు దాటకూడదు. మెడిసిన్ లాంటి కోర్సులకు 2,00,000 గరిష్ఠం, చాలా ప్రైవేటు మెడికల్ కాలేజీల ఖర్చుకు అది చాలదు. మిగతాది ప్రైవేటు అప్పు తెస్తే, ఫెడరల్ మాఫీ ఏదీ దాన్ని తాకదు. ఆదాయాన్ని బట్టి కట్టే కొత్త ఆర్‌ఏపీ ప్లాన్‌లో మిగిలిన బాకీ పోవాలంటే ముప్ఫై ఏళ్ళు కట్టాలి. అన్నిటికన్నా పెద్ద ఉచ్చు ఇది: 2026 జూలై 1 నుంచి కొత్త ఫెడరల్ అప్పు తీసుకున్నా, పాతవన్నీ కలిపి కన్సాలిడేట్ చేసినా, పాత ఆదాయాధారిత ప్లాన్ల దారి మూసుకుపోతుంది. రెండో బిడ్డకు పేరెంట్ ప్లస్ తీసుకునే ముందు, మొదటి బిడ్డ అప్పు ఏమవుతుందో కిస్తీలు వసూలు చేసే సంస్థని, అంటే సర్వీసర్‌ని, అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

కట్టకుండా వదిలేస్తే? 270 రోజులకు ఎగవేతదారు అవుతారు. కోర్టు ఉత్తర్వుతో పని లేకుండా చేతికొచ్చే జీతంలో 15 శాతం వరకు కోసుకునే అధికారం ప్రభుత్వానికి ఉంది. పన్ను రీఫండ్ పట్టుకోవచ్చు. ఈ బాకీకి కాలదోషం లేదు. అయిదేళ్ళ విరామం తర్వాత 2025 మే 5న వసూళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. కట్టలేనివాళ్ళు మౌనంగా ఉండొద్దు, అర్హత ఉంటే ఆదాయాన్ని బట్టి కట్టే ఐబీఆర్ ప్లాన్ అడగండి. ఏళ్ళ తరబడి కట్టాక ఆ ప్లాన్లలో రద్దయ్యే మొత్తం మీద 2026 నుంచి మళ్ళీ ఫెడరల్ పన్ను పడుతుంది. 40,000 డాలర్లు పోతే, 22 శాతం పన్ను శ్లాబులో ఉన్నవాళ్ళకు 8,800 బిల్లు.

ఈ గందరగోళమే దొంగలకు పంట. ఫోన్ మోగుతుంది. మీ అప్పు మాఫీకి ఎంపికైంది, ఈ రాత్రితో గడువు ముగుస్తుంది, ముందు ఫీజు కట్టండి, లాగిన్ పాస్‌వర్డ్ చెప్పండి అంటారు. పాస్‌వర్డ్ చేతికి రాగానే చిరునామా, ఫోన్ నంబరు మార్చేస్తారు, అసలు నోటీసులు మీకు అందవు. ప్రభుత్వం ఏ మాఫీకీ ఫీజు తీసుకోదు. రుణ విముక్తి పేరుతో ముందస్తు రుసుము అడగడం ఫోన్ అమ్మకాల మీద ఉన్న ఫెడరల్ నిబంధనలకే విరుద్ధం. పెట్టెయ్యండి ఫోను.

హైదరాబాద్, విజయవాడ, కరీంనగర్‌లలో ఉన్న తల్లిదండ్రులకు వేరుగా చెప్పాలి. మీ అబ్బాయి, అమ్మాయి ఎఫ్-1 వీసా మీద వెళ్ళి ఉంటే, వాళ్ళ అప్పు ఇక్కడి బ్యాంకుదో, ప్రైవేటు సంస్థదో. ఎఫ్-1 విద్యార్థులకు ఫెడరల్ రుణాలే రావు, కాబట్టి ఆ మాఫీ వార్తల్లో ఏదీ మీది కాదు. ఇల్లు తాకట్టు పెట్టింది మీరు, సహ రుణగ్రహీతగా సంతకం పెట్టింది మీరు. మారటోరియం అంటే వడ్డీ ఆగిందని కాదు. అక్కడ ఉద్యోగం ఆలస్యమైతే పిల్లలు చెప్పడానికి మొహమాటపడతారు, మీరే అడగండి. ఖాతా మొండి బాకీ (ఎన్‌పీఏ) కాకముందే బ్యాంకుకు వెళ్ళి గడువు పెంచమని కోరండి.

ఫెడరల్ అప్పున్నవాళ్ళు ఇవాళే స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్‌లో సొంతంగా లాగిన్ అయి, ఏ ప్లాన్‌లో ఉన్నారో, ఎన్ని కిస్తీలు లెక్కకొచ్చాయో చూసుకోండి. ఆ పేజీలు, చెల్లింపుల చరిత్ర మొత్తం డౌన్‌లోడ్ చేసి దాచండి. సర్వీసర్ మారినప్పుడు పాత లెక్కలు తప్పిపోయిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి, కట్టామని రుజువు చూపాల్సింది కట్టినవాళ్ళే.