మోటారు ఇచ్చారు సరే, లెక్క ఎవరు వేశారు?



పోస్టు పొడుగ్గా ఉంటుంది. ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, సగంలో ఆపేసి మాత్రం తిట్టకండి.

విషయం మా పంటు గురించి. కోనసీమ వైపు పంటు అంటే కార్లు కూడా ఎక్కే పెద్దది. మా జలాశయం మీద పంటు అంటే రెండు నాటు పడవలు పక్కపక్కన పెట్టి, అడ్డంగా దుంగలు బిగించి, పైన బల్లలు పరిచింది. ఎనిమిది మంది మనుషులు, ఒక బండి, రెండు బియ్యం బస్తాలు. ఇంగ్లీషులో పాంటూన్ బోటు అనేది ఇదే. మేము హాస్టలుకు వచ్చేది దీని మీదే, పండక్కి ఇంటికి వెళ్ళేది దీని మీదే. పురిటి నొప్పులొచ్చిన వదినను రోడ్డు దాకా తెచ్చేది కూడా దీని మీదే. తెడ్డు వేసేది మా నాన్నలు, మా మావయ్యలు.

పోయిన ఏడాది ఒక సంస్థ వాళ్ళు వచ్చి ఈ పంటుకు కరెంటు మోటారు ఇచ్చారు. బ్యానరు కట్టారు, కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు, వెళ్ళిపోయారు. రెండో నెలకే ఆ మోటారు పాకలోకి చేరింది. ఇప్పుడు మాకు ఎక్కడికెళ్ళినా వినపడే మాట ఒకటే: "మీవాళ్ళకి ఏది ఇచ్చినా నిలబెట్టుకోలేరు."

ఈ మాట మీదే మా పోట్లాట. మోటారును మా ఊరు పాడు చెయ్యలేదు. అది మా పంటుకు పనికొచ్చే మోటారే కాదు. ఆ సంగతి ఇచ్చే ముందు పది నిమిషాలు కాగితం మీద లెక్క వేస్తే తెలిసిపోయేది. మా ఇళ్ళల్లో కాలేజీ గుమ్మం తొక్కింది మేమే మొదలు. అందుకని ఆ లెక్క మేమే వేశాం. ఇక్కడ పెడుతున్నాం, ఎవరైనా తప్పు పట్టండి.

ముందు ఈ మోటారు దేనికి పుట్టిందో తెలుసుకోవాలి. దీన్ని ట్రోలింగ్ మోటారు అంటారు. 1934లో అమెరికాలోని ఫార్గో ఊళ్ళో ఓ.జి. ష్మిట్ అనే ఆయన మొదట తయారు చేశాడు. చెరువుల్లో చేపలు బెదిరిపోకుండా పడవను మెల్లగా, చప్పుడు లేకుండా నడపడానికి. ఆ కంపెనీ పేరు మిన్ కోటా. మిన్నెసోటా, నార్త్ డకోటా రెండు రాష్ట్రాల సరిహద్దులో పుట్టింది కాబట్టి రెండు పేర్లు ముక్కలు చేసి కలిపారు. (మా జలాశయం కూడా ఆంధ్రా ఒడిశా సరిహద్దే. మాకు మాత్రం రెండు రాష్ట్రాలూ "అది అవతలి వాళ్ళది" అని చెప్తాయి.) అంటే ఇది నిలవ నీటి మోటారు. మనిషి నడక కంటే కొంచెం ఎక్కువ వేగం, అంతే. గోదావరి, శబరి ఒడ్డు అన్నలు ఇది చదివి మీ ఊళ్ళకు అడగొద్దు. వరద ప్రవాహానికి ఎదురు ఇది నిలవదు, ప్రాణం మీదికొస్తుంది. మా జలాశయంలో నీళ్ళు కదలవు కాబట్టే మేము మాట్లాడుతున్నాం.

ఈ మోటారుకు హార్స్ పవర్ చెప్పరు, తోపుడు బలం చెప్తారు, అదీ పౌండ్లలో. మామూలుగా వాడే లెక్క: పడవ మొత్తం బరువులో ప్రతి 100 పౌండ్లకు కనీసం 2 పౌండ్ల తోపు. మా పంటు చెక్క, దుంగలు కలిపి దగ్గర దగ్గర 500 కిలోలు. ఎనిమిది మంది 440. బండి 110. బస్తాలు, సామాను, బ్యాటరీ కలిపి ఇంకో 150. మొత్తం 1,200 కిలోలు, అంటే 2,640 పౌండ్లకు పైన. కావలసిన తోపు 53 పౌండ్లు. ఇది గాలి లేనప్పటి లెక్క. పంటు చదునుగా, ఎత్తుగా ఉంటుంది, మనుషులు నిలబడతారు, గాలి పట్టేసుకుంటుంది. మా దగ్గర మధ్యాహ్నం దాటితే కొండ మీంచి దిగే గాలి ఎట్లుంటదో ఎరిగిన వాళ్ళకి తెలుసు. అందుకు సగం కలుపుకోవాలి. 80 పౌండ్లు తేలింది.

మాకిచ్చింది 30 పౌండ్ల మోటారు. ఒకరిద్దరు కూర్చొని గాలం వేసుకునే చిన్న పడవది.

మా ఊరి పెద్దాయన దాన్ని చూసిన రోజునే అన్నాడు: "ఏటిరా ఇది, దూడకి నాగలి కట్టినట్టుంది." ఆయన చదువుకోలేదు. ఇచ్చిన వాళ్ళలో ఇంజనీరు ఉన్నాడు.

పౌండ్ల మాట నమ్మకపోతే ఇంకో దారి ఉంది, ఎవరైనా చెయ్యొచ్చు. పత్తి తూచే స్ప్రింగు కాటా తెచ్చి, నిండుగా ఎక్కించిన పంటును ఇంజను పడవతో తాడు కట్టి లాగాలి. తాడు మధ్యలో కాటా పెట్టాలి. మనిషి నడక వేగంతో వెళ్ళేటప్పుడు కాటా ఎన్ని కిలోలు చూపిస్తే అంత తోపు ఆ వేగానికి కావాలి. 80 పౌండ్లు అంటే 36 కిలోలు. కానీ కంపెనీ చెప్పే అంకె పడవ కదలకుండా ఉన్నప్పటిది, వేగం పెరిగేకొద్దీ అది తగ్గిపోద్ది. అందుకని కాటా చూపించినదానికి రెట్టింపు కంటే తక్కువ మోటారు కొనకూడదు.

ఇక బ్యాటరీ. వాళ్ళిచ్చింది లారీ బ్యాటరీ. లారీ బ్యాటరీ పని ఇంజను స్టార్టు చెయ్యడం: ఒక్క క్షణం గట్టిగా కరెంటు ఇచ్చి ఊరుకోవడం. దాన్ని రోజూ అడుగంటా వాడితే కొన్ని నెలల్లో, ఒక్కోసారి వారాల్లోనే చచ్చిపోతుంది. అది బ్యాటరీ తప్పు కాదు, మా నాన్నల తప్పు అసలే కాదు. రోజూ లోతుగా వాడి మళ్ళీ ఎక్కించుకునే బ్యాటరీ వేరే ఉంటుంది, ఊళ్ళల్లో తిరిగే ఈ-రిక్షాల్లో ఉండేది ఆ రకమే. అందులో కూడా సీసం బ్యాటరీ అయితే సగమే వాడుకోవాలి, బరువు ఎక్కువ, పడవ ఊగితే యాసిడు ఒలుకుతుంది. లిథియం ఫెర్రో ఫాస్ఫేటు అయితే ఎనభై శాతం వరకు వాడుకోవచ్చు, బరువు సగం కంటే తక్కువ. ధర ఎక్కువ, నిజమే. కానీ ఏడాదికో లారీ బ్యాటరీ మార్చే ఖర్చు ఎవరూ లెక్క కట్టరు, ఎందుకంటే ఆ ఖర్చు బ్యానరు కట్టిన రోజున కనపడదు.

80 పౌండ్ల మోటారు 24 వోల్టులది. నిండా తిప్పితే 56 ఆంపియర్ల దాకా లాగుతుంది, సుమారు 1,350 వాట్లు. 24 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో వాడుకోదగింది దాదాపు 2 యూనిట్లు. నిండా తిప్పితే గంటన్నర. కానీ నిండా తిప్పే పని లేదు. నీటిలో వేగం కొంచెం పెంచితే కరెంటు చాలా ఎక్కువ తింటుంది, కొంచెం తగ్గిస్తే చాలా మిగులుతుంది. 700 వాట్ల మీద నడిపితే కిలోమీటరున్నర దాటడానికి పావు యూనిట్ చిల్లర. అంటే రోజుకు మూడు సార్లు పోయి రావచ్చు, అత్యవసరానికి కొంత మిగులుతుంది. రాత్రి పురిటికి వెళ్ళాల్సొస్తే ఆ మిగులే కదా ప్రాణం. ఎక్కించడానికి ఒడ్డున సోలారు పలకలు పెట్టాలి. పంటు పైకప్పు మీద పెడితే గాలికి తెరచాప అయిపోద్ది. వానాకాలం మన్యంలో ఎండ నమ్ముకోలేం కాబట్టి ఊళ్ళో కరెంటు మీద ఎక్కించే చార్జరు కూడా కావాలి.

వైరు దగ్గర మాకు ఎక్కువ మండింది. ఇంట్లో ప్లగ్గుకు వేసే రెండున్నర వైరు వేశారు. బ్యాటరీ ముందు, మోటారు వెనక, పోనూ రానూ పది మీటర్లు. ఆ 30 పౌండ్ల మోటారు 30 ఆంపియర్లు లాగితే 12 వోల్టుల్లో రెండు వోల్టులకు పైగా వైరులోనే కాలిపోతుంది. పెద్ద మోటారుకు అదే వైరు వేస్తే నాలుగు వోల్టులు. అంటే బ్యాటరీలో ఉన్న దాంట్లో ఆరో వంతు వైరును వేడి చేయడానికే. వైరు ముట్టుకుంటే కాలుతుందని మా తమ్ముడు చెప్తే "నీళ్ళు చల్లు" అన్నారంట ఫోనులో! 16 స్క్వేర్ రాగి వైరు వెయ్యాలి. చివర్లు మెలిపెట్టి చుట్టకూడదు, లగ్గు వేసి నొక్కి బిగించాలి. బ్యాటరీ ప్లస్సుకు జానెడు దూరంలోనే 60 ఆంపియర్ల డీసీ బ్రేకరు ఉండాలి. ఇంట్లో పెట్టే ఏసీ బ్రేకరు పెట్టి మమ అనిపించకూడదు, డీసీ నిప్పురవ్వను అది సరిగ్గా ఆర్పలేదు. నీళ్ళ మధ్యలో చెక్క పంటు అంటుకుంటే ఎటు దూకాలి?

బిగింపు గురించి కూడా చెప్పాలి. పెద్ద పంటును ముందు నుంచి లాగే మోటార్లూ ఉన్నాయి, గాలిలో ముక్కు తిరిగిపోకుండా అవి బాగుంటాయి. మాకు మాత్రం ముందు వైపే ఒడ్డుకు ఆన్చి మనుషుల్ని, బండిని దించాలి. కాబట్టి వెనక అడ్డదుంగకు, రెండు పడవల మధ్యలో. వాళ్ళు ఒక పడవ అంచుకే తగిలించారు. ఒక పక్క నుంచి తోస్తే పంటు గుండ్రంగా తిరుగుతుంది, పిల్లోడికి కూడా తెలుసు. చెక్క మేకులు కాదు, ఆరుపార బోల్టులు వేసి కింద ఇనప పట్టీ ఇవ్వాలి. కాడ పొడవు చూడాలి: బిగించిన చోటు నుంచి నీటికి అర మీటరు ఉంటే, నీటి కింద ఇంకో అర మీటరు కావాలి, పంకా నీటి మట్టానికి కనీసం అడుగు లోపల తిరగాలి కాబట్టి. ఖాళీ పంటు పైకి తేలుతుంది, కొలత అప్పుడే తీసుకోవాలి. 42 అంగుళాల కాడ తక్కువలో తక్కువ. మాకిచ్చింది 30 అంగుళాలు. మనుషులు దిగగానే పంకా గాల్లో గిరగిరా తిరిగేది, చూసి అందరూ నవ్వారు. మేమూ నవ్వాం, ఏం చేస్తాం.

ఇంకొకటి, ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. మా జలాశయం అడుగున అడవి ఉంది. ముంచేసిన చెట్ల మోళ్ళు ఇంకా నిలబడే ఉన్నాయి. ఎండాకాలం నీళ్ళు దిగితే మోళ్ళు పైకొస్తాయి, రేవు కూడా ఎక్కడికో జరిగిపోతుంది. ఏ నెలలో ఏ మోడు ఎక్కడుంటుందో మా నాన్నలకు కళ్ళు మూసుకున్నా తెలుసు. మోటారు దెబ్బ తగిలితే వెనక్కి లేచేదిగా ఉండాలి, పంకా పిన్నులు నాలుగు అదనంగా ఉండాలి, వల చుట్టుకుంటే తియ్యడానికి కత్తి ఉండాలి. తెడ్లు, లైఫ్ జాకెట్లు ఎప్పుడూ పంటు మీదే ఉండాలి. ఈ సంగతులు చెప్పడానికి మా నాన్నలను అడిగిన వాడు లేడు. సంతకం మాత్రం పెట్టించుకున్నారు.

ఇప్పుడు మనవాళ్ళ మాట. కొంతమంది అన్నలు అంటున్నారు: మోటారు అడిగితే వంతెన అడిగే హక్కు పోతుంది, ఇది మనల్ని నోరు మూయించే ముక్క అని. అన్నా, మీ కోపం మాకు తెలుసు, మాదీ అదే కోపం. కానీ మల్కన్‌గిరి వైపు బలిమెల నీళ్ళు కోసేసిన ఊళ్ళకు గురుప్రియ వంతెన 2018లో వచ్చింది. 910 మీటర్ల వంతెన, దశాబ్దాల ఎదురుచూపు. ఆ దశాబ్దాల్లో మనుషులు నీళ్ళు దాటకుండా కూర్చోలేదు కదా. వంతెన అడుగుదాం. అది వచ్చేదాకా మా చెల్లెళ్ళు దాటే పంటు మునగకుండా ఉండాలని కూడా అడుగుదాం. రెండూ ఒకే నోటితో అడగొచ్చు. పెట్రోలు ఇంజనే మేలు అనే వాళ్ళకు ఒక్కటే ప్రశ్న: సీసాల్లో పెట్రోలు మోసుకొచ్చేది ఎవరు, దానికి రోజూ డబ్బులిచ్చేది ఎవరు?

దయ చూపిస్తున్నామనే వాళ్ళకు ఒక లెక్క. ఈ ఒక్క నది నీళ్ళే మాచ్‌ఖండ్‌లో 120 మెగావాట్లు, ఎగువ సీలేరులో 240, డొంకరాయిలో 25, దిగువ సీలేరులో 460 ఇస్తాయి. మాచ్‌ఖండ్ 1955 నుంచి తిరుగుతోంది. మా తాతల పొలాలు మునిగిన నీళ్ళు అవి. 845 మెగావాట్లలో మా పంటు అడిగేది ఒకటిన్నర కిలోవాటు కూడా కాదు. దానికి కూడా బ్యానరు కట్టి చప్పట్లు కొట్టించుకోవాలా?

1996 పెసా చట్టం ప్రకారం మన ఊళ్ళో పంచాయతీ చేపట్టే ఏ అభివృద్ధి పథకమైనా అమలు కాకముందే గ్రామసభ ఒప్పుకోవాలి. పంచాయతీ డబ్బు ఖర్చు పెడితే సరిగా పెట్టిందని ధ్రువీకరణ కూడా గ్రామసభే ఇవ్వాలి. 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం ప్రకారం యంత్రంతో నడిచే పడవకు తనిఖీ, రిజిస్ట్రేషన్ ఉండాలి. మోటారు తగిలించి వెళ్ళిపోయిన వాళ్ళు ఈ రెండిట్లో ఒక్కదాని ఊసు కూడా ఎత్తలేదు. 2018 మేలో మంటూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు, 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర మునిగినప్పుడు తనిఖీల గురించి ఎంత మాట్లాడారో అందరికీ గుర్తే.

దసరా సెలవులకు మేము ఊరు వస్తున్నాం. టేపు, స్ప్రింగు కాటా, మల్టీమీటరు మాతో తెస్తున్నాం. పంటు బరువు, కాడ కొలత, గాలి లేని పూట, గాలి ఉన్న పూట కాటా అంకెలు అన్నీ ఒక కాగితం మీద రాసి గ్రామసభలో చదువుతాం. పక్క రేవుల వాళ్ళు కూడా మీ పంటు కొలతలు తెచ్చుకోండి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివే అన్నలు ఒక్క పూట రండి, వైరు లెక్క ఇంకోసారి సరిచూడాలి. పాకలో పడి ఉన్న ఆ 30 పౌండ్ల మోటారు కడిగి తుడిచి, కొలతల కాగితంతో సహా ఇచ్చిన వాళ్ళకే తిరిగి పంపుతాం.