సారు జీతానికి కూడా అందని చదువు

పోయిన నెల బోధన్ దగ్గర ఒక ఊళ్లో మన సంఘం కూర్చున్నది. కొనుగోలు కేంద్రంలో తరుగు, యూరియా, నిజాంసాగర్ నీళ్లు, అన్నీ ఎప్పుడూ ఉండే ముచ్చట్లే. మీటింగు అయిపోయి చాయ్ తాగుతుంటే ఒక రైతు పక్కకు పిలిచిండు. "అన్నా, బిడ్డ ఎం.ఎస్. చదువుతానికి అమెరికా పోతనంటున్నది. ఉన్నయి మూడెకరాలు. ఒక ఎకరం అమ్మితే తప్పా?" అని అడిగిండు. ముప్పై ఏళ్లుగా సంఘంలో తిరుగుతున్నవాణ్ని. మద్దతు ధర మీద అడిగితే గంట మాట్లాడగలను. దీనికి మాత్రం నోట మాట రాలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు కాగితం మీద లెక్కలు వేసిన. ఆ లెక్కలే ఇవి.

ఈ రోజుల్లో అమెరికాలో రెండేళ్ల ఎం.ఎస్.కు ఫీజు, తిండి, అద్దె కలిపి తక్కువలో తక్కువ 40 లక్షలు అనుకుందాం. 2025-26 సీజన్‌కు కేంద్రం చెరుకుకు ప్రకటించిన ధర క్వింటాలుకు 355 రూపాయలు, అది కూడా 10.25 శాతం రికవరీ మీద. ఆ ధరకు 40 లక్షలు రావాలంటే 1,127 టన్నుల చెరుకు కాంటా మీదికి ఎక్కాలి. ఎకరానికి 40 టన్నులు పండిందనుకున్నా 28 ఎకరాల పంట. నరుకుడు కూలి, బండి కిరాయి, ఎరువు, కరెంటు మోటారు రిపేరు, ఏవీ తీయకుండా చెప్పిన లెక్క ఇది. మూడెకరాల రైతుకు ఖర్చులన్నీ పోను మిగిలేదాంట్లోంచి ఈ డబ్బు కూడబెట్టాలంటే ఒక జన్మ చాలదు. అందుకే భూమి ముచ్చట వస్తున్నది.

లోను తీసుకుంటారు గదా అంటారు. సరే, తీసుకుందాం. 40 లక్షలు, నూటికి ఏడాదికి 11 రూపాయల మిత్తి, పదేళ్ల గడువు. నెల కిస్తీ 55,100 రూపాయలు పడుతుంది. చదివే రెండేళ్లలో పెరిగే మిత్తి ఇందులో కలపలేదు. ఇప్పుడు ఇంకో అంకె చూడండి. దేశం తరఫున విదేశాల్లో మాట్లాడే భారత విదేశాంగ సర్వీసు అధికారి, సివిల్స్ రాసి గెలిచి కొత్తగా చేరితే, ఆయన మూల వేతనం 56,100. విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరే అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700. డీఏ, ఇంటి అద్దె దీనికి అదనం, నిజమే. విదేశంలో పోస్టింగు ఉంటే ఇంకో భత్యం కూడా ఉంటుంది. అయినా ఆ రెండు అంకెలను మన కిస్తీ పక్కన పెట్టి చూస్తే కళ్లు తిరుగుతయి. దేశంలోనే గౌరవమైన రెండు కొలువుల మూల జీతం మొత్తం ఒక్క పట్టా కిస్తీకి పోతుంది. కొత్త ప్రొఫెసరు పైసా ఖర్చు పెట్టకుండా దాచినా 40 లక్షలకు ఆరేళ్లు దగ్గర పడుతుంది. విదేశాంగ శాఖలో అందరికన్నా పైనున్న కార్యదర్శి మూల వేతనం 2,25,000. ఆయనకు కూడా ఏడాదిన్నర జీతం.

అంటే చదువు చెప్పే సారు జీతంతో ఆ చదువు కొనలేం. మరి దాని ధర దేన్ని చూసి నిర్ణయమవుతున్నది? కొలువు జీతాన్ని చూసి కాదు. అయ్య ఎంత అమ్మగలడో చూసి. నాకు తోచిన జవాబు ఇదొక్కటే.

ఇక సారు సంగతి. మా తమ్ముడి కొడుకు ఎం.ఎస్సీ. చేసిండు, అర్హత పరీక్ష పాసైండు. ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. పీరియడ్‌కు 390 రూపాయలు, నెలకు 72 పీరియడ్లు మించరాదు. ఒక్క క్లాసు కూడా పోకుండా నడిచిన నెలలో వచ్చేది 28,080. దసరా సెలవులు వస్తే తక్కువ, ఎండాకాలంలో సున్నా. వాడి మీద వాళ్ల నాయన పెట్టిన ఖర్చు వాడి జీతంలో తిరిగి వచ్చే దారి నాకు కనబడలేదు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల కాంట్రాక్టు అధ్యాపకులు తమను పర్మనెంట్ చేయాలని సమ్మెకు దిగింది మీకు గుర్తుండే ఉంటుంది. డిచ్‌పల్లిలో మన తెలంగాణ యూనివర్సిటీ 2006లో పెట్టినప్పుడు ఈ జిల్లా పిల్లలు హైదరాబాద్ పోకుండా పీజీ చేస్తారని సంబరపడ్డం. తక్కువ ఫీజుతో చదివించే సర్కారు చదువు దగ్గర పాఠం చెప్పేవాళ్లకే భరోసా లేకపోతే, పిల్లలు ఎక్కువ ఫీజు ఉన్న దిక్కే చూస్తారు. వాళ్లను తప్పు పట్టలేం.

ఒకప్పుడు ఇక్కడ ఇట్ల లేదు. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. షక్కర్‌నగర్ సైరన్ మోగితే చుట్టుపక్కల ఊళ్లు లేచేవి. ఆ ఫ్యాక్టరీకి చదువుకున్నోళ్లు కావాలి. చెరుకు రసంలో తీపి శాతం చూసే కెమిస్టు కావాలి, బాయిలర్ దగ్గర ఫిట్టర్ కావాలి, లెక్కలు రాసే గుమాస్తా కావాలి, ఊళ్లల్ల తిరిగి తోట చూసే ఫీల్డ్ మనిషి కావాలి. నిజామాబాద్ గిరిరాజ్ కాలేజీలో బీఎస్సీ చదివిన పిల్లగానికి ఆ కొలువు కంటికి కనబడేది, సైకిల్ మీద పోయి వచ్చేంత దగ్గర. చదువు ఖర్చు ఎంత, జీతం ఎంత అన్నది ఊరి రచ్చకట్ట మీద కూర్చున్న ముసలాయన కూడా చెప్పేవాడు. 2002లో ఫ్యాక్టరీని ప్రైవేటు చేతుల్లో పెట్టిండ్రు. 2015 డిసెంబర్‌లో మూసిండ్రు. మెట్‌పల్లి, మెదక్ యూనిట్లు కూడా అంతే. మనం చెరుకు పోయిందని ఏడ్చినం, అది నిజమే. ఇక్కడి డిగ్రీకి ఇక్కడే ఉన్న కొలువు కూడా ఆ రోజే పోయిందని అప్పుడు మనకు తోచలేదు. దగ్గర కొలువు లేని చదువు దూరం పోవాలి. దూరం పోయే చదువుకు ధర ఎక్కువ.

ఫ్యాక్టరీ తెరవాలన్న మాట మీద 2024 జనవరిలో ప్రభుత్వం కమిటీ వేసింది. తెరిస్తే చెరుకు రైతుకు మాత్రమే లాభం అనుకోవద్దని ఈ సందర్భంగా చెప్తున్న.

ఇక ఫీజు కట్టే తీరు. ఇక్కడి ప్రైవేటు కాలేజీ ఫీజును ఒక కమిటీ మూడేళ్లకోసారి నిర్ణయిస్తుంది. కాలేజీ తన ఖర్చులు చూపిస్తుంది, జీతాలు, భవనాలు అన్నీ. ఆ ఖర్చు మీద, అభివృద్ధి కోసమని కొంత మిగులు కలిపి ఫీజు ఖరారు చేస్తరు. నేను తప్పనడం లేదు. కానీ ఇదే మాట మనం అడిగితే ఏమైంది? మా ఖర్చు మొత్తం లెక్కగట్టండి, సొంత భూమి కౌలు, పెట్టుబడి మీద మిత్తి కూడా కలపండి, దాని మీద సగం కలిపి ధర ఇవ్వండి అన్నం. స్వామినాథన్ కమిషన్ చెప్పింది కూడా అదే. దేశం మోయలేదన్నరు. కాలేజీ చూపిన ఖర్చు లెక్క అయితది, రైతు చూపిన ఖర్చు మాత్రం వాదన అయితది.

పక్క రాష్ట్రంలో 2017 సెప్టెంబర్‌లో ప్రైవేటు మెడికల్ కాలేజీల ఎంబీబీఎస్ ఫీజును ఏడాదికి 24 లక్షలకు పెంచిండ్రు, అంతకుముందున్న దానికి ఏడింతలు. హైకోర్టు కొట్టేసింది. 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు కూడా చదువు లాభాల వ్యాపారం కాదు, ఫీజు అందుబాటులో ఉండాలి అని తేల్చింది. తీర్పు వచ్చేసరికి ఐదేళ్లు గడిచినయి. ఆ ఐదేళ్లలో ఎన్ని ఎకరాలు చేతులు మారినయో ఏ కోర్టూ లెక్కగట్టదు.

మన రాష్ట్రంలో 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నది. ఇంజనీరింగ్‌లో చాలామంది బీసీ పిల్లలకు ఏడాదికి 35,000 వరకే వస్తది, పైది మనమే కట్టాలి. ఆ 35,000 కూడా సర్కారు నుంచి ఏండ్ల తరబడి రాదు. 2025 నవంబర్‌లో బకాయిలు రాలేదని ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టినయి. సర్కారు బాకీకి కాలేజీ పిల్లగాని సర్టిఫికెట్ ఆపుకుంటుంది. సర్టిఫికెట్ కోసం అయ్య అడ్తిదారు దగ్గరికి పోతడు, నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తడు. అంటే సర్కారు బాకీకి నెలనెలా మిత్తి కట్టేది మన రైతు. ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

బ్యాంకు దగ్గర ఇంకో చిక్కున్నది. పెద్ద చదువు లోనుకు ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతరు. వ్యవసాయ భూమి పెడతమంటే చాలా బ్యాంకులు ఒప్పుకోవు, ఎందుకంటే అప్పు ఎగ్గొడితే ఆస్తి జప్తు చేసే 2002 సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అది మనల్ని కాపాడే కట్టడి, దాన్ని తీసేయమని మనలో ఎవరూ నోరు జారి అడగొద్దు. కానీ పట్నంలో ఇల్లున్నోడికి లోను సులువు, చేను మాత్రమే ఉన్నోడికి చేను అమ్ముడే దారి. జీతం ఉన్నోడు పాత పద్ధతిలో పన్ను కడితే చదువు లోను మిత్తి మీద మినహాయింపు ఉంటుంది. మన పంట ఆదాయానికి పన్నే లేదు గనుక మినహాయింపూ లేదు. పంట లోను మూడు లక్షల దాకా వేళకు కడితే నూటికి నాలుగు. అదే రైతు బిడ్డ చదువుకు పది, పదకొండు. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి ఎంపిక చేసిన మన దేశపు సంస్థల్లో సీటు వస్తేనే.

అమెరికా పోయి బాగుపడ్డవాళ్లు లేరా అంటే, ఉన్నరు. ఆర్మూర్ నుంచి బాన్సువాడ దాకా వాళ్లు పంపిన డబ్బుతో లేచిన ఇండ్లు మనమే చూస్తున్నం. కానీ ఆ ఇండ్లు కనబడుతయి, తిరిగి రాని ఎకరాలు కనబడవు. చదువు అయినంక అక్కడ పనిచేయడానికి ఏడాది, సైన్స్ ఇంజనీరింగ్ వాళ్లకు ఇంకో రెండేళ్లు. తర్వాత వీసా లాటరీ, ఏడాదికి 85,000 మందికే. ఎర్రజొన్న విత్తనం మొలవకపోతే విత్తన వ్యాపారిని నిలదీస్తం, ఒప్పందం కాగితం పట్టుకొని ఆర్మూర్ రోడ్డు మీద కూర్చుంటం. పట్టా మొలవకపోతే ఎవరిని నిలదీయాలె?

2019లో పసుపు బోర్డు కోసం, ఎర్రజొన్నకు మద్దతు ధర కోసం ఈ జిల్లాల నుంచి 170 మందికి పైగా రైతులు పార్లమెంటుకు నామినేషన్ వేసిండ్రు. దేశమంతా చూసింది. అప్పటి మన డిమాండ్లలో చదువు ఫీజు ఒక్క వరుస కూడా లేదు. ఇంట్లో అన్నిటికన్నా పెద్ద ఖర్చు అదే అయినా అది రైతు సమస్య కాదనుకున్నం. ఇకనుంచి మహాసభ తీర్మానాల్లో మూడు మాటలు ఉండాలని నా ప్రతిపాదన. ఫీజు బకాయికి సర్టిఫికెట్ ఆపరాదు. రైతు బిడ్డ చదువు లోనుకు భూమి కాకుండా ప్రభుత్వమే హామీ నిలబడాలి, మిత్తి పంట లోను లెక్కనే ఉండాలి. డిచ్‌పల్లి యూనివర్సిటీలో ఖాళీలు నింపాలి.

ఆ రైతుకు ఇంకా జవాబు చెప్పలేదు. ఫోన్ చేసి, ఎకరం బేరం పెట్టకముందు బిడ్డను తీసుకొని రమ్మన్న. యూనివర్సిటీ నుంచి వచ్చిన కాగితం, ఫీజు వివరం, బ్యాంకు ఏమన్నదో అది, పాస్‌బుక్కు, అన్నీ తెమ్మన్న. వచ్చే ఆదివారం పొద్దున సంఘం ఆఫీసులో కూర్చుంటం. ఇట్లాంటి కాగితాలు పట్టుకొని తిరుగుతున్నోళ్లు ఇంకెవరున్నా అదే రోజు రావొచ్చు.