రసీదు మీద మన పేరు తెలుగులో రావాలి

సొసైటీకో ఎఫ్‌పీఓకో కొత్త సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? ధర కంటే ముందు యూనికోడ్ ఉందా అని అడగండి.

ప్రతి భాషలో ఒక్కో అక్షరానికి ప్రపంచమంతటా చెల్లే ఒక నంబరు ఇవ్వడమే యూనికోడ్. 1991 నుంచే తెలుగుకు అందులో చోటుంది. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టింది వేరే కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిరాతలే. యూనికోడ్‌లో అయితే తెలుగు, కన్నడం, ఇంగ్లీషు ఒకే బిల్లులో పక్కపక్కన నిలుస్తాయి.

వెంకటేశ్వర్లు పేరును ఇంగ్లీషులో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. పాస్‌బుక్కులో ఒకటి, బ్యాంకులో ఇంకొకటి పడితే ఆఫీసుల చుట్టూ తిరిగేది మనమే.

అందుకే డెమో రోజే 'లక్ష్మి', 'కృష్ణ' అని కొట్టించండి, వెతికించండి, రసీదు తీయించండి. ప్రశ్నార్థకాలు వచ్చినా, వత్తులు విడిపోయినా డబ్బు కట్టొద్దు. మన లెక్క మనమే చదువుకోలేకపోతే ఆ రసీదు ఎందుకు?