బొద్దుగా ఉంటే చాలునా?

మొన్న మా ఆసుపత్రికి పాతికేళ్ళ కుర్రాడొకడు తల్లితో వచ్చాడు. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంది, రక్తపోటూ ఉంది. స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. తాగుడు లేదు, సిగరెట్టు ముట్టడు.

ఆ తల్లి నన్ను గుర్తుపట్టింది. "మీరు మా ఊళ్ళో ఉన్నప్పుడు వీణ్ణి మీకే చూపించేదాన్ని డాక్టరుగారూ. పుట్టినప్పుడు రెండుంపావు కిలోలే. నాలుగో ఏటికల్లా ఎంత బొద్దుగా తయారయ్యాడో! మీరే భేష్ అన్నారు" అంది.

అనే ఉంటాను. బరువు చూశాను గాని, ఎత్తుతో పోల్చి చూడలేదు. ఈ వారం మీతో చెప్పదలచింది ఆ సంగతే.

ఢిల్లీలో 1969 - 1972 మధ్య పుట్టిన పిల్లల ఎత్తూ బరువూ పసితనం నుంచీ కొలిచి రాసిపెట్టారు. వారిలో 1492 మందిని 26 - 32 ఏళ్ళ వయసులో మళ్ళీ పరీక్షించి, 2004లో ఫలితాలు ప్రకటించారు. చక్కెర వ్యాధి గాని, దాని ముందు దశ గాని కనిపించింది ఎక్కువగా ఎవరిలో అనుకున్నారు? రెండేళ్ళ లోపు సన్నగా ఉండి, ఆ తర్వాత పన్నెండో ఏటి దాకా గబగబా ఒళ్ళు చేసినవారిలో. విచిత్రమేమిటంటే, పన్నెండేళ్ళప్పుడు వారిలో ఒక్కరు కూడా స్థూలకాయుల లెక్కలోకి రారు!

ఎందుకిలా? మన పిల్లలు పుట్టుకతోనే కొంచెం వేరు. పూణే చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండు పిల్లలతో పోల్చి చూశారు. అక్కడ సగటు బరువు 3.5 కిలోలు, ఇక్కడ 2.7. మన పిల్లల్లో కండ తక్కువ. చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అలాంటి ఒంటికి పైనుంచి మరింత కొవ్వు చేరితే భారం లోపలి అవయవాల మీద పడుతుంది.

మూత్రపిండాల సంగతే చూడండి. రక్తాన్ని వడపోసే సూక్ష్మమైన జల్లెళ్ళు నెలలు నిండిన బిడ్డకు తల్లి కడుపులోనే తయారైపోతాయి. ఆ తర్వాత కొత్తవి పుట్టవు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు అవి తక్కువగా ఉండవచ్చు. ఒళ్ళు పెరిగితే ఆ కాసిని జల్లెళ్ళే చాకిరీ అంతా చేయాలి. చిన్న ఎద్దుకు పెద్ద బండి కట్టినట్టన్నమాట. ఇన్సులిన్ తయారుచేసే క్లోమగ్రంథి గతీ అంతే. ఖర్చు కాని చక్కెర కొవ్వుగా మారి కాలేయంలో చేరుతుంది.

అయితే పిల్లల కడుపు మాడ్చమని కాదు సుమా! తొలి రెండేళ్ళలో బిడ్డ ఎదగాల్సిందే. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే చాలు. ఆ తర్వాత తల్లిపాలతోపాటు మెత్తని పప్పన్నం, కూరగాయలు, తినేవారైతే గుడ్డు పెట్టండి. రెండేళ్ళు నిండేదాకా పంచదార కలపవద్దు.

రెండేళ్ళు దాటిన బిడ్డ ఏడాదికి సుమారు 2 కిలోల బరువు, 6 - 7 సెంటీమీటర్ల ఎత్తు పెరిగితే చక్కగా ఎదుగుతున్నట్టే. ఆ వయసులో పిల్లలు కాస్త సన్నబడినట్టు కనిపించడం సహజం. ఇక్కడే మామ్మలూ అమ్మమ్మలూ కంగారు పడి, వెంటపడి ముద్దలు కుక్కుతారు. బిడ్డ మొహం తిప్పుకుంటే కడుపు నిండిందని అర్థం. ఆపేయండి. పాలు రోజుకు అరలీటరు దాటనక్కరలేదు. బిస్కెట్లు, సీసా పానీయాలు లంచంగా ఇవ్వకండి. పాలలో కలిపే పొడి కొనేముందు అందులో చక్కెర ఎంతుందో డబ్బా మీద చదవండి. సాయంత్రం ఆటకు వదలండి.

అన్నిటికన్నా ముఖ్యం, అంగన్‌వాడీలోగాని ఆసుపత్రిలోగాని బరువు తూచినప్పుడల్లా ఎత్తు కూడా కొలిపించి, ఎత్తుకు తగిన బరువేనా అని అడగండి. బరువొక్కటే జోరుగా పెరుగుతుంటే డాక్టరుకు చూపించండి.

ఆ కుర్రాడి మాటంటారా? భయం లేదు. ఇప్పుడున్న బరువులో పదో వంతు తగ్గించగలిగితే కాలేయంలోని కొవ్వు చాలావరకు కరుగుతుంది. చక్కెర, రక్తపోటు కూడా అదుపులోకి రావచ్చు. మందులు రాసిచ్చి, రోజూ నడవమన్నాను.

వెళ్ళేముందు ఆ తల్లి "తప్పు నాదేనా డాక్టరుగారూ?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"కాదమ్మా. ఒక్క తిండి వల్లే ఇది వచ్చిందనలేం. ఉన్నదంతా బిడ్డకే పెట్టావు, అది తప్పెలా అవుతుంది? ఎత్తు కొలిచి చెప్పవలసిన పని నాది" అన్నాను.