“నెగెటివ్” అంటే రోగం లేదనా?

ఒక్క పరీక్షపత్రంతో విద్యార్థి తెలివిని కొలవరాదని మనం ఏటా వాదిస్తూనే ఉన్నాము. అదే మనం, రక్తపరీక్ష కాగితంపై “నెగెటివ్” అన్న మాట కనబడగానే రోగం లేదని తీర్పు చెప్పేసుకుంటాము. ఈ అలవాటు ఎంత చేటు తెస్తుందో సీలియాక్ వ్యాధి విషయంలో నేను కళ్లారా చూశాను.

మా చెన్నూరులో చిన్నాయన కూతురు డిగ్రీ చదివేటప్పుడు మూడేండ్లపాటు రక్తం తక్కువై, కడుపుబ్బరం, విరేచనాలతో చిక్కిపోయింది. ఐరన్ మాత్రలు అట్టలకు అట్టలు మింగినా గుణం కనబడలేదు. చివరకు ఒక డాక్టరు సీలియాక్ పరీక్ష రాశాడు. “నెగెటివ్ అంట అన్నా, ఏం ల్యాదంట. అంతా నా మనసులోదే అంటాండారు” అని ఆ పిల్ల కండ్లనీళ్లు పెట్టుకుంది.

ఇంతకూ ఈ వ్యాధి ఏమిటి? గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ అనే మాంసకృత్తు కొందరికి సరిపడదు. అది తింటే శరీరంలోని రక్షణశక్తి సొంత పేగు మీదనే తిరగబడి, ఆహారసారాన్ని పీల్చుకునే నూగును అరగదీస్తుంది. ఇక తిన్నది ఒంటబట్టదు. దీనికి మూలం గోధుమేనని 1950లో తన సిద్ధాంత గ్రంథంలో నిరూపించినవాడు విల్లెమ్ డికె అనే డచ్చి పిల్లల వైద్యుడు.

“సంగటి, జొన్నరొట్టె తినే సీమలో ఈ రోగమేంది?” అనవచ్చు. 2016లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం ఈ వ్యాధిని సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిలో నూటికి 1.23 మంది రక్తంలో ఉండగా దక్షిణాదిన 0.10 మందిలోనే ఉన్నాయి. అయితే దీనికి అవకాశమిచ్చే జన్యువులు ఇరుచోట్లా సుమారు మూడోవంతు మందిలో ఉన్నాయి. తేడా గోధుమ వాడకంలో ఉంది. నేడు మనమూ బొంబాయి రవ్వ ఉప్మా, చపాతీ, పరోటా, బిస్కత్తులకు అలవాటు పడ్డాము. కాబట్టి ఇది మనది కాదని కొట్టిపారేయలేము.

ఇక పరీక్ష సంగతి. సాధారణంగా చేసేది టిటిజి ఐజిఎ పరీక్ష. మంచి పరీక్షే, కానీ రెండు చోట్ల తప్పుదారి పట్టించవచ్చు. ఒకటి, కొందరి రక్తంలో ఐజిఎ పుట్టుకతోనే ఉండదు. అసలు లేనిది పరీక్షకు ఎట్లా దొరుకుతుంది? అందుకే మొత్తం ఐజిఎ ఎంతుందో కూడా చూడాలి. తక్కువైతే ఐజిజి రకం పరీక్ష చేయాలి. రెండవది, పరీక్షకు ముందే గోధుమ మానేస్తే రోగం జాడ మరుగుపడుతుంది. కావున ఎవరో చెప్పారని ముందే మానరాదు. అప్పటికే మానినవారు డాక్టరు సలహా మీద కొన్ని వారాలు మళ్లీ తిని పరీక్ష చేయించుకోవాలి.

అప్పటికీ బాధలు తగ్గకుంటే ఎండోస్కోపీతో చిన్నపేగు మొదటి భాగం నుండి నాలుగైదు ముక్కలు తీసి చూడడమే మార్గం. సీలియాక్ కాకపోయినా కారణం బయటపడవచ్చు. మన యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూ కూడా పేగును ఇట్లే పాడుచేస్తుంది, కానీ దాని మందు వేరు. ఆ మందుల్లో ఒకటైన ఫోలిక్ ఆమ్లం తయారీకి 1940లలో నాయకత్వం వహించింది ఆయనే!

నెగెటివ్ వచ్చిన ప్రతివారూ ఎండోస్కోపీకి పరుగెత్తాలని నా వాదన కాదు. బాధ పోనప్పుడు “అయ్యా, మొత్తం ఐజిఎ చూశారా? ముక్క పరీక్ష అవసరమా?” అని అడగడం రోగి హక్కు. అది ధిక్కారం కాదు.

మా చెల్లెలికి మొత్తం ఐజిఎ అతి తక్కువని తేలింది. ముక్క పరీక్షలో సీలియాక్ అని రుజువైంది. గోధుమ మాని సంగటి, కొర్రన్నం తింటూ ఇప్పుడు తేరుకుంది. రక్తం తక్కువతో తరగతిలో తూలే ఆడపిల్లలు మన కళాశాలలోనూ ఉన్నారు. “సరిగా తినవు” అని వాళ్లను మందలించే ముందు, తిన్నది ఒంటబడుతున్నదా అని ఒకసారి ఆలోచిద్దాం.